గావుకేక

నేను చచ్చిపోవడం మొదటిసారి విన్నది వంటింట్లో, సింకు ముందు నిలబడి, లంచ్ బాక్సు మూతకి పట్టిన జిడ్డు గోకుతున్నప్పుడు. సాయంత్రం ఆరున్నరయి ఉంటుంది. మావాడి గదిలోంచి ముందు తుపాకీ చప్పుడు, దాని వెనకాలే ఒక ఆడమనిషి కేక. సన్నగా లేచి, మధ్యలో చిరిగి, చివర్న గొంతుకి నీళ్ళు అడ్డుపడినట్టు ఆగిపోయింది. ఆ చిరగడం నాదే. ఆ చోట ఊపిరి ఎలా బిగబట్టానో కూడా నాకు గుర్తుంది. మూత చేతిలోనే ఉండిపోయింది. గదిలో మావాడు నవ్వాడు. వాడితో పాటు కంప్యూటర్‌లోంచి ఇంకో ముగ్గురు పిల్లలు నవ్వారు. రోజూ చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ఆడతాడు కాబట్టి ఇన్నాళ్ళూ ఆ శబ్దాలేవీ బయటికి రాలేదు. ఆవేళ దాని తీగ తెగిందట.

"మళ్ళీ అరిపించరా," అన్నాడు అవతలి పిల్లల్లో ఎవడో.

మళ్ళీ తుపాకీ పేలింది. మళ్ళీ నేను అరిచాను.

నేను డబ్బింగ్ చెబుతాను. పదిహేడేళ్ళ నుంచీ ఇదే పని. సీరియళ్ళలో హీరోయిన్ పక్కన నడిచే స్నేహితురాలు, సబ్బుల ప్రకటనల్లో మురిసిపోయే తల్లి, బ్యాంకుకి ఫోన్ చేస్తే 'దయచేసి లైన్‌లో వేచి ఉండండి' అనే మనిషి, అన్నీ నేనే. కిందటేడు ఒక వీడియో గేమ్‌కి గొంతు కావాలని స్టూడియో నుంచి కబురొచ్చింది. ఐదు రోజులు, పొద్దున్న పూట. అద్దాల గదిలో నిలబెట్టి చేతిలో ఒక కాగితం పెట్టారు. రాసి ఉన్నవి మాటలు కావు, చావులు. కాలికి దెబ్బ, భుజానికి దెబ్బ, ఎత్తు నుంచి పడటం, కాలడం, ఆఖరి ఊపిరి రెండు రకాలు. దర్శకుడు చిన్న కుర్రాడే, మర్యాదస్తుడు. "ఈవిడ సైనికురాలు కాదండీ. బుట్ట పట్టుకుని వంతెన దాటుతూ ఉంటుంది, అంతే. ఎవరైనా తుపాకీ గురిపెడితే బతిమాలుతుంది. ఆ మాటలు మీకు ఎలా తోస్తే అలా అనండి," అన్నాడు. నాకు తోచింది అన్నాను. "వద్దు... మెల్లగా... లోపల పిల్లలున్నారు." అద్దం అవతల సౌండు చూసుకునే పెద్దాయన, స్టూడియోలో మేమంతా ఆయన్ని బాబాయి అంటాం, చెవుల మీది హెడ్‌ఫోన్ తీసేసి అడిగాడు. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?" నేను నవ్వేసి వేణ్ణీళ్ళు తాగాను. అబద్ధం ఎందుకు, ఆ రోజు బస్టాపు దాకా గాల్లో తేలినట్టు నడిచాను. ఒక పని బాగా చేశావని మనిషి మొహం చూసి చెప్పేవాళ్ళు నాకు ఎక్కువమంది లేరు.

అంతసేపు అరిస్తే గొంతు మిగలదు. ఇంటికెళ్ళాక ఒక్క మాట కూడా మాట్లాడొద్దని బాబాయి గట్టిగా చెప్పాడు. మా ఆయనకి ఆ సంగతి కాగితం మీద రాసి చూపించాను. "అయితే ఏడాదంతా పిలవమను వాళ్ళని. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది," అన్నాడు. అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఆయన సరదా మనిషని చుట్టాల్లో పేరు. నా మాటని ముక్కుతో సాగదీసి అని చూపించడం ఆయనకి బాగా వచ్చు. ఎవరింట్లో నలుగురు చేరినా, "ఏదీ, మొన్న డ్రైవర్‌తో ఏమన్నావో మళ్ళీ అను," అని మొదలుపెడతాడు. నేను అంటాను. అనకపోతే ఉలుకెక్కువని అంటారు. "నా ఆఫీసులో మాత్రం చెప్పకు. మీ ఆవిడ ఏం చేస్తుందంటే, రోజుకి నలభైసార్లు చస్తుందని చెప్పుకోవాలా నేను?" అన్నాడు. అందుకే పిల్లాడికి కూడా చెప్పలేదు. ఆ ఐదు రోజులూ సైగలతోనే వండాను, సైగలతోనే వడ్డించాను, బట్టలు ఉతికాను, అత్తయ్య మాత్రలు వేళకి చేతిలో పెట్టాను. ఒక్క పని ఆగలేదు. ఈ ఇల్లు నడవడానికి నా చేతులు చాలు, గొంతుతో పనిలేదని అప్పుడే తేలింది.

సింకు దగ్గర నిలబడి నేను ఎదురుచూసింది ఏమిటంటే, ఎవరో ఒకరు తిరిగి నా వైపు చూస్తారని. అత్తయ్య సోఫాలోంచే, "ఏం దిక్కుమాలిన కేకలురా అవి, తలుపేసుకో," అంది. మా ఆయన అప్పుడే లోపలికొస్తూ బూట్లు విప్పుకుంటూ, "సౌండు అదిరిందిరోయ్," అన్నాడు. ఇద్దరికీ అది నా గొంతని తట్టలేదు. నా కడుపున పుట్టిన వాడికీ తట్టలేదు.

చెయ్యి తుడుచుకుని వాడి గది గుమ్మంలో నిలబడ్డాను. "ఎవర్రా ఆవిడ?"

"గావుకేక," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా. "మేం పెట్టిన పేరులే. ఆవిణ్ణి చంపితే పాయింట్లేం రావు. ఊరికే. కాలి మీద కొడితే ఒకలా అరుస్తుంది, చేతి మీద కొడితే ఇంకోలా. ఇప్పటికి పదకొండు రకాలు దొరికాయి మాకు."

పన్నెండు అనబోయి పళ్ళ బిగువున ఆపుకున్నాను. వాడి గొంతు ఈమధ్యే పగులుతోంది. ఒక మాట మగవాడిలా, ఒక మాట చంటిపిల్లాడిలా వస్తుంది. పదిహేనేళ్ళు నిండాయి. "సరే, పాలు చల్లారిపోతున్నాయి," అని వచ్చేశాను. ఆ రోజే చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. చెప్పలేదు. సిగ్గేసింది. నేను చేసిన పనికి కాదు. అది నేనేనని చెబితే వాడు ఇంకా గట్టిగా నవ్వుతాడేమోనని.

రెండు వారాలకి స్కూల్ నుంచి క్లాస్ టీచర్ ఫోన్ చేసింది. "మీరిద్దరూ రావాలండీ," అంది. ప్రిన్సిపాల్ గదిలో మేము కాక ఇంకో ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు. టీచర్ తన ఫోన్‌లో ఒక వీడియో పెట్టి అందరికీ కనపడేట్టు పట్టుకుంది. ఖాళీ క్లాసురూములో చివరి బెంచీ మీద ఒకమ్మాయి నోట్సు రాసుకుంటోంది. వెనక నుంచి ఒక కుర్రాడు చప్పుడు చెయ్యకుండా వచ్చి, గాలి ఊదిన కాగితం సంచీని ఆమె చెవి పక్కన పేల్చాడు. పిల్ల అరిచింది. పుస్తకాలు కింద పడ్డాయి. "మళ్ళీ అరిపించరా." లేవబోతే ఇద్దరు అడ్డం నిలబడ్డారు. ఇంకో సంచీ పేలింది. మూడోసారికి ఆ పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని, "వద్దు, ప్లీజ్," అంటూ బెంచీ కిందకి జారిపోయింది. ఫోన్ పట్టుకుని ఇదంతా తీస్తున్నవాడు మాత్రం కనపడలేదు, వినపడ్డాడు. పగిలిన గొంతుతో లెక్కపెడుతున్నాడు. "ఇది మూడో రకం." వీడియో కింద పేరు కూడా పెట్టారు, 'మా క్లాసు గావుకేక' అని.

ఆ గొంతుని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

"ఈ చంపుకునే ఆటలే పిల్లల్ని పాడుచేస్తున్నాయి. ఇళ్ళల్లో తల్లులు కాస్త కనిపెట్టుకుని ఉండాలి," అంది ప్రిన్సిపాల్. గదిలో ఉన్న తండ్రులందరూ పక్కకి తిరిగి తల్లుల్ని చూశారు. మా ఆయన గడియారం చూసుకున్నాడు. "నేను పొద్దున పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకేనండీ రావడం. ఇంట్లో ఉండేది ఈవిడే," అన్నాడు నవ్వుతూ. నేను ఆ వారంలో నాలుగు రోజులు స్టూడియోకి వెళ్ళాను, అయినా ఇంట్లో ఉండేది నేనే. నలుగురు కుర్రాళ్ళనీ వారం రోజులు స్కూలుకి రావొద్దన్నారు.

ఇంటికొచ్చాక మా ఆయన కంప్యూటర్ తీగలన్నీ పీకేశాడు. కీబోర్డు తీసి గోడకేసి కొట్టాడు. అక్షరాలు గదంతా చెల్లాచెదురయ్యాయి. "ఇక ఈ ఇంట్లో కొట్టడాలు, చంపడాలు ఉండటానికి వీల్లేదు," అని కుర్చీని కాలితో తన్నాడు. పిల్లాడు మంచం మూల ముడుచుకుని ఏడుస్తున్నాడు. నేను ఎప్పుడూ అనేదే అన్నాను. "మెల్లగానండీ, పక్కవాళ్ళు వింటారు." ఆయన గిరుక్కున నా వైపు తిరిగాడు. "మెల్లగానండీ," అన్నాడు ముక్కుతో, చేతులు నలుపుకుంటూ. అచ్చం నాలాగే. "ఏదీ, మళ్ళీ అను." అంత ఏడుపులోనూ మావాడికి ఒక చిన్న నవ్వు వచ్చింది. తెప్పించుకున్నది కాదు, వచ్చేసింది. అది నా చెవిన పడింది. నేను వంగి ఒక్కొక్క అక్షరమే ఏరడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత రెండు రోజులు బట్టలు ఆరేస్తున్నా, బస్సులో కూర్చున్నా అదే నవ్వు. ఆట వల్లే పాడయ్యాడని అనుకుంటే ఎంత తేలిక. ఆటని తీసి అవతల పారేస్తే సరిపోతుంది. కానీ ఆ ఆటలో తుపాకులు ఎన్నో ఉన్నాయి, చంపాల్సిన శత్రువులు ఎంతోమంది ఉన్నారు. వీళ్ళకి నచ్చింది మాత్రం ఏ పాయింట్లూ రాని ఒక ఆడమనిషి బతిమాలడం. బతిమాలేవాళ్ళని చూస్తే నవ్వాలని వాడికి ఎవరు చెప్పారు? ఆటా చెప్పే ఉంటుంది. కాదనను. వంతెన మీద ఆవిణ్ణి పెట్టినవాళ్ళకి తెలుసు ఏం జరుగుతుందో. నాకూ తెలిసే ఉండాలి. నేనే కదా అంత బాగా అరిచింది, దెబ్బకొక రకంగా, వినేవాళ్ళకి విసుగు పుట్టకుండా. కానీ ఆ ఆట వాడి గదిలోకి వచ్చింది ఈ ఏడాదే. మళ్ళీ అను, మళ్ళీ అను అని అందరూ నవ్వుతుంటే వాడు నా ఒళ్ళో కూర్చుని చప్పట్లు కొట్టినప్పుడు వాడికి మూడేళ్ళు. నేనూ నవ్వాను. అది కూడా చూశాడు వాడు.

మూడో రోజు మధ్యాహ్నం, ఆయన ఆఫీసులో ఉండగా, ఉతికిన దుప్పట్లు మడతపెట్టడానికి వాడి గదిలోకి వెళ్ళాను. వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి రెండు కొసలు వాడి చేతికిచ్చి, "పట్టుకో," అన్నాను. పట్టుకున్నాడు. మడత మధ్యలో చెప్పాను.

"గావుకేక నేనే."

"అంటే?"

"ఆ గొంతు నాది. కిందటేడు ఐదు రోజులు స్టూడియోకి వెళ్ళానే, గొంతు పోయి కాగితాల మీద రాసి చూపించానే, దానికే."

వాడు తేలిగ్గా నవ్వాడు. "ఊరుకో అమ్మా. నీ గొంతు అలా ఉండదు."

దుప్పటి కింద పెట్టి, కిటికీ మూసి, బీరువా వైపు తిరిగి పన్నెండోది అరిచాను. అంతా కాదు, సగం. హాల్లోంచి అత్తయ్య, "అయ్యో, ఏమైందే!" అని కంగారుగా అరిచింది. "ఏం లేదత్తయ్యా, పనిలోదే," అన్నాను. మావాడు గోడకి ఆనుకుపోయాడు. "ఇది మాకు దొరకనే లేదు," అన్నాడు ముందు. అనేశాక వాడికే ఏదోలా అయినట్టుంది, పెదవి కొరుక్కున్నాడు. కానీ ఇంకా నమ్మకం కుదరలేదని మొహమే చెబుతోంది. అరుపులదేముంది, ఎవరైనా అరవొచ్చు. అప్పుడు బతిమాలే మాట అన్నాను. గట్టిగా కాదు, స్టూడియోలో అన్నంతే. "వద్దు... మెల్లగా... లోపల పిల్లలున్నారు."

వాడు తల దించుకున్నాడు.

"ఇది నువ్వు నాన్నతో అన్నట్టే ఉంది," అన్నాడు.

నమ్మండి, అప్పటిదాకా నాకు తెలియదు. బాబాయి అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది అందుకే. నటించానని అనుకున్నాను. నేను నేర్చుకున్న చోటేదో పదిహేనేళ్ళ పిల్లాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. మంచం మీద కూలబడ్డాను. వాడు పక్కన వచ్చి కూర్చున్నాడు, మీద చెయ్యి వెయ్యాలో వద్దో తెలియక దిండు నలుపుతూ.

"అమ్మా, నిన్ను ఎన్నిసార్లు కాల్చానో లెక్కే లేదు."

"అది బొమ్మలే నాన్నా. బొమ్మకి నొప్పి ఉండదు. ఆ అమ్మాయికి ఉంది."

"నేను సంచీ పేల్చలేదు. ఫోన్ పట్టుకున్నాను, అంతే."

"నువ్వు లెక్కపెట్టావు."

వాడు ఏడ్చాడు. ఈసారి నేను ఊరుకోబెట్టలేదు. ఏడవడం అయ్యాక మొహం కడుక్కోమని, చొక్కా మార్చుకోమని చెప్పాను.

ఆ అమ్మాయి ఇల్లు నాలుగు వీధుల అవతల, మూడో అంతస్తు. తల్లి మెడలో టేపు వేలాడుతుండగా తలుపు తీసింది. బట్టలు కుడుతుందట. మమ్మల్ని చూసి ఆమె మొహం ముడుచుకుపోయింది, అయినా కుర్చీ మీది గుడ్డముక్కలు పక్కకి నెట్టి చోటిచ్చింది. మావాడు వచ్చేదారిలో అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, "సారీ. నేనే తీశాను. తప్పు," అన్నాడు. అమ్మాయి వాడి వైపు చూడలేదు. నాతో మాట్లాడింది.

"సారీ నాకెందుకాంటీ. ఆ వీడియో ఎవరెవరి ఫోన్లలో ఉందో అందరి దగ్గరా తీయించండి. సోమవారం నేను స్కూలుకి వెళ్ళాలి."

"తీయిస్తాం," అన్నాను. అని ఊరుకోలేక చెప్పాను. "ఆ గావుకేక గొంతు నాదమ్మా. నేనే చెప్పాను దానికి."

అమ్మాయి మొదటిసారి కళ్ళెత్తి సూటిగా చూసింది. "బుట్ట ఆవిడా? ఆవిడ మీరా?" మొహంలోకి ఏదో వెలుతురు వచ్చింది. "నేనూ ఆడతానాంటీ ఆ ఆట. వీళ్ళకంటే బాగా ఆడతాను. అందుకే వీళ్ళకి కోపం. నేను ఆవిడ పక్కనే నడిచి, కాల్చేవాళ్ళకి అడ్డం ఉండి, వంతెన దాటిస్తాను. అలా చేస్తే ఆవిడ ఒక మాట అంటుంది. వీళ్ళెవరికీ తెలీదు."

అదేదో నాకు తట్టింది. ఆఖరి రోజు, గొంతు పూర్తిగా పోయే ముందు, కాగితం అడుగున మిగిలిన ఒక్క ముక్క. చెప్పేసి ఇంటికి పోవచ్చన్నారని హడావిడిగా చెప్పాను. ఎవరూ వినరులే అనుకున్నాను. "చల్లగా ఉండు," అన్నాను బొంగురుగా.

"అదే," అంది ఆ పిల్ల. "సరిగ్గా అలాగే." లోపల కుట్టుమిషన్ దగ్గర నిలబడ్డ తల్లి పమిట కొంగుతో కళ్ళొత్తుకుంది. మావాడు నన్నూ ఆ పిల్లనీ మార్చి మార్చి చూస్తున్నాడు, తనకి తెలియని ఊళ్ళో దిగినవాడిలా.

వీడియో పద్నాలుగు మంది దగ్గర ఉందని తేలింది. మూడు సాయంత్రాలు తిరిగాం. నేను మెట్ల దగ్గర ఆగేదాన్ని, వాడు తలుపు కొట్టేవాడు. కొందరు వెంటనే తీసేశారు. కొందరు వాడి మొహం మీదే నవ్వారు. ఒకడు 'ఆడంగి' అన్నాడు. ఒక తండ్రి, "చిన్నపిల్లల విషయం ఇంత రాద్ధాంతం చేస్తారేంటి?" అని మెట్ల దగ్గరున్న నన్ను కసిరాడు. మావాడి చెవులు ఎర్రబడేవి, కానీ ఫోన్‌లోంచి వీడియో పోయేదాకా గుమ్మం వదిలేవాడు కాదు. ఇద్దరు మాత్రం తియ్యలేదు. ఆ ఇద్దరి పేర్లూ క్లాస్ టీచర్‌కి వాడే ఫోన్ చేసి చెప్పాడు. వాడు మారిపోయాడని నేను అనను. అంత తేలిగ్గా మనుషులు మారిపోతే నా పెళ్ళి ఇంకోలా ఉండేది. ఆ మూడు రోజులూ ఒక పని చేశాడు, అంతవరకే నాకు తెలుసు.

మూడో సాయంత్రం మేము తిరిగొచ్చేసరికి మా ఆయన భోజనాల బల్ల దగ్గర ఖాళీ కంచం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అత్తయ్య ఎదురుగా ఉంది. పద్నాలుగు ఇళ్ళలో ఒక ఇల్లు ఆయన ఆఫీసు మనిషిదని నాకు తెలియదు.

"ఊరంతా తిరిగి నా పరువు తీసి వచ్చారా?" అన్నాడు. "ఎవరు వెళ్ళమన్నారు నిన్ను?" అని పిల్లాణ్ణి అడిగాడు.

"నేనే వెళ్ళాను," అన్నాడు వాడు.

"వీడికి ఆడదానిలా వెళ్ళి కాళ్ళు పట్టుకోవడం నేర్పిస్తున్నావా?" ఆయన గొంతు లేచింది. బల్ల మీద గ్లాసు ఎగిరి పడింది. అత్తయ్య అలవాటుగా నా వైపు చూసింది. నేను 'మెల్లగానండీ' అనాల్సిన చోటు అదే, మాట నాలుక దాకా వచ్చింది కూడా. పక్కన మావాడు నిలబడి ఉన్నాడు. వాడు నా నోటినే చూస్తున్నాడు.

కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చున్నాను.

"ఇక మీదట మీరు నాతో ఎలా మాట్లాడితే వాడు బయట ఆడవాళ్ళతో అలా మాట్లాడతాడు. నేను మీకు ఎలా తలొంచితే వాళ్ళూ వాడికి తలొంచాలని అనుకుంటాడు. మీ సంగతి మీరు చూసుకోండి. నా వంతు నేను ఇవాళే మానేస్తున్నాను. నా మీద అరిచినా, నన్ను వెక్కిరించినా, నేను ఆ గదిలో ఉండను. కంచం దగ్గరున్నా లేచి వెళ్ళిపోతాను. మీకు కావాల్సింది వంటింట్లో ఉంది, వడ్డించుకోవచ్చు."

అరవలేదు. బతిమాలలేదు. గుసగుసగానూ చెప్పలేదు. స్టూడియోలో ఒక పేజీ చదివినట్టు, ప్రతి మాటా దాని చోట దాన్ని పెట్టి చెప్పాను. మా ఆయన ముక్కుతో అనుకరించడానికి నోరు తెరిచాడు. ఏమీ దొరకలేదు. సాగదీయడానికి అందులో ఎక్కడా సాగే మాట లేదు. కుర్చీ చప్పుడు చేసుకుంటూ లేచి, బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు.

అత్తయ్య ఇంకా నన్నే చూస్తోంది. పెళ్ళయిన నాటి నుంచీ నేను పెట్టింది తిని, నా మీద వేసిన ప్రతి జోకుకీ నవ్విన మనిషి. ఏదో పోగొట్టుకున్నది వెతుకుతున్నట్టు మొహం దగ్గరగా పెట్టి చూసింది.

"ఇదేనటే అమ్మాయ్, నీ గొంతు?" అంది.

"ఇదేనత్తయ్యా," అన్నాను.